మన గొంతులకో బీరువా

మన సంఘం కార్యాలయంలో కొత్తగా పెట్టిన సర్వరు గురించి సభ్యులు చాలామంది అడుగుతున్నారు. బి.కాం. చదివి బ్యాంకులో పనిచేసేవాడికి ఈ డిస్కుల గొడవెందుకు అన్నవారూ లేకపోలేదు. కోశాధికారిగారైతే సూటిగానే అడిగారు. "ఏమండీ, ఆరు డిస్కులకు డబ్బు కట్టి నాలుగు డిస్కుల చోటే వాడుకోవడమేమిటి? ఇదేం లెక్క?"

నాకు తెలిసినంతలో ఇది బ్యాంకు లెక్కే. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా అందులో దాచేదేమిటో చెప్పాలి. మన బ్రహ్మపురం పెద్దలను కూర్చోబెట్టి, వారి మాటలను మన కుర్రవాళ్ళు వీడియో తీస్తున్నారు. 1936లో గంజాం మద్రాసు నుంచి విడివడి ఒరిస్సాలో చేరినప్పటి సంగతులు తండ్రుల నోట విన్నవారు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. వారి తెలుగులో ఒడియా ఎంత కలిసిందో, మన యాస ఎంత నిలిచిందో వింటేనే తెలుస్తుంది. అలా మాట్లాడినవారిలో ఇద్దరు ఇప్పటికే లేరు. ఆ గంటన్నర చెరిగిపోతే మళ్ళీ తీయడానికి మనిషి లేడు.

వీడియో గంటకు 22 గిగాబైట్లకు పైన పడుతోంది. ఐదువందల గంటలు తీయాలని సంకల్పం కాబట్టి 11 టెరాబైట్లు దాటుతుంది. అన్నట్టు, పెట్టె మీద 8 టెరాబైట్లని ఉన్న డిస్కు కొన్ని కంప్యూటర్లలో 7.27 అని కనిపిస్తుంది. దుకాణదారును అనుమానించకండి. తయారీవారు వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటరు 1024తో లెక్కిస్తుంది.

ఒకే యంత్రాన్ని మూడు కంప్యూటర్లుగా నడిపించే ఏర్పాటును వర్చువలైజేషన్ అంటారు. ఒకే ఇంటిని మూడు వాటాలు చేసినట్టన్నమాట. ఒక వాటాలో సభ్యత్వాల లెక్కలు, ఒకదాంట్లో పత్రిక పని, మూడోదాంట్లో రికార్డింగులు. మొదటి రెండూ రోజంతా చిన్నచిన్నవి రాస్తూ చెరుపుతూ ఉంటాయి. మూడోది ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తం లోపల పెడుతుంది. కౌంటరు క్యాషునూ స్ట్రాంగ్ రూమునూ ఏ మేనేజరూ కలపడు కదా! అందుకని మొదటి రెంటికీ వేగమైన చిన్న డిస్కులు రెండు, ఒకదానికొకటి నకలుగా. రికార్డింగులకు 8 టెరాబైట్ల పెద్ద డిస్కులు ఆరు.

ఇక కోశాధికారిగారి ప్రశ్న. చవక డిస్కులను జట్టుకట్టి, ఒకటి పోయినా సమాచారం పోకుండా చూసే పద్ధతిని బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనేవారు 1988లో తమ పత్రంలో వివరించారు. దానికి రెయిడ్ అని పేరు. మన ఆరింటిలో ఒక డిస్కు చోటును భద్రతకు వదిలితే 40 టెరాబైట్లు మిగులుతాయి. రెండు వదిలితే 32. జతలు జతలుగా నకలు పెడితే 24. నేను 32 దగ్గర నిలబడ్డాను. ఒక డిస్కు పోయి కొత్తది పెడితే, మిగిలిన ఐదింటినీ పూర్తిగా చదివి దాన్ని నింపాలి. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా పదకొండు గంటలు. మధ్యలో వేరే పని తగిలితే ఇంకా ఎక్కువ. ఆరూ ఒకేరోజు కొన్నవి, ఒకే వయసువి. సరిగ్గా ఆ గంటల్లోనే రెండోది కూడా మొరాయిస్తే? ఒక్క డిస్కు భద్రతే ఉంటే అక్కడితో సరి.

ఇంకో సంగతి. ఉన్నదానికంటే ఎక్కువ చోటును వాటాలకు రాసిచ్చేందుకు సర్వరు ఒప్పుకుంటుంది. ఓవర్‌డ్రాఫ్టు లిమిట్లు మంజూరు చేయడంలాంటిదే. అందరూ ఒకేరోజు పూర్తిగా వాడుకోరన్న ధీమా మీద నడుస్తుంది. బ్యాంకులకైతే కొంత చేతిలో ఉంచుకోమని రిజర్వు బ్యాంకు చెబుతుంది. ఇక్కడ చెప్పేవారెవరూ లేరు. చోటు నిండిననాడు రాత మధ్యలోనే ఆగిపోతుంది. కనుక ఉన్నంతే రాసిచ్చాం, అందులోనూ ఐదో వంతు ఖాళీగా ఉంచాం.

ఇంత చేసినా ఇది రెండో ప్రతి కాదు. ఎవరైనా పొరపాటున ఒక ఫైలు చెరిపితే ఆరు డిస్కులూ కలిసి విధేయంగా చెరుపుతాయి. గది మునిగితే ఆరూ మునుగుతాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మన ఊరు ఎలా ఉందో, ఎన్ని రోజులు చీకట్లో గడిపామో వేరే చెప్పనక్కరలేదు. రెండో ప్రతి విశాఖలో ఉంచితే చాలదా అన్నారు కొందరు. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖనే కొట్టింది. సముద్రానికి దూరంగా ఉండాలనే హైదరాబాదులో ఒక సభ్యురాలి కూతురింట్లో ఉంచడానికి అడిగాం, ఆ అమ్మాయి సరేనంది.

రెండు డిస్కులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. మూడు నెలలకోసారి ఒకటి అక్కడికి వెళ్తుంది, పాతది వెనక్కి వస్తుంది. వచ్చినదానిలో నాలుగైదు రికార్డింగులు తెరిచి మొదటినుంచి చివరిదాకా విని చూడాలి. దానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు, ఓపికగా వినే చెవులు చాలు.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్ళేవారు వారం ముందుగా కార్యాలయంలో చెబితే డిస్కు సిద్ధంగా ఉంచుతాం. తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. సీటు కింద తోసే పెట్టెలో మాత్రం వద్దు.