రెండు గంటల బాకీ

మా నస్రుల్లాబాదులో సెలవులంటే బడి సెలవులని ఎవరూ అనుకోరు. సెలవులంటే దుబాయి సెలవులే. ఎవరింటికైనా పెద్ద పెట్టెలతో మనిషి దిగాడంటే, కుశలప్రశ్నల కంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని దినాల చుట్టీ?" నలభైయైదు అంటే అదృష్టవంతుడని అర్థం. ముప్పై అంటే ఫరవాలేదు. పదిహేను అంటే, ఇంట్లో ఎవరికో బాగా లేదన్నమాట.

మా బాన్సువాడ ప్రాంతం 2016 దాకా నిజామాబాదు జిల్లాలో వుండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో వుంది. జిల్లా పేరు మారింది గాని, మా కుర్రవాళ్లు గల్ఫుకు వెళ్లడం మారలేదు. మా పెద్దవాడూ అలా వెళ్లినవాడే. ఆకాశాన్నంటే భవనాలకు పరంజాలు కట్టే పని. రెండేళ్లకొకసారి నలభైయైదు రోజుల సెలవన్నారు. తీరా బయలుదేరే వారం ముందు, పని తొందరగా వుందని కంపెనీవారు దాన్ని ఇరవై యెనిమిది రోజులకు కుదించారు. వాడు ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు మా ఇంటావిడ ఏమీ అనలేదు. గోడకున్న క్యాలెండరు దగ్గరకు వెళ్లి, తాను సున్నాలు చుట్టి పెట్టుకున్న తారీకుల్లో చివరి పదిహేడింటినీ ఒక్కొక్కటిగా కొట్టివేసింది.

వచ్చినవాడికి ఇంట్లో ఒక చిక్కు ఎదురయింది. వాడి కొడుక్కిప్పుడు ఆరేళ్లు. తండ్రి వెళ్లేనాటికి నాలుగేళ్లు. ఫోనులో తండ్రిని చూసి రోజూ "డాడీ" అని గంతులు వేసే పిల్లవాడు, మనిషి యెదురుగా వచ్చేసరికి నా ధోవతి వెనక దాక్కున్నాడు. నీళ్లు కావాలన్నా తాతే, చెప్పులు తొడగాలన్నా తాతే. నాకు లోలోపల సంతోషంగానే వున్నా, మా వాడి ముఖం చూస్తే ఆ సంతోషం నిలిచేది కాదు. పదిరోజులు గడిచాయి. తెచ్చిన బొమ్మలన్నీ అయిపోయాయి. చాక్లెట్లూ అయిపోయాయి. అప్పుడన్నాడు మా వాడు: "బాపూ, వీణ్ణి ఒకరోజు పట్నం తీస్కపోదాం. ఆ నీళ్ల ఆటలూ, రంగుల రాట్నాలూ వుండే పార్కు చూపిద్దాం."

ముప్పై యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ప్రయాణమంటే ముందు కాగితం, పెన్సిలు తీస్తాను. హైదరాబాదులో ఏది చూడాలన్నా వారాన్ని బట్టి నడుచుకోవాలి. 1963లో తెరచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. 1938 నుంచి వస్తున్న నుమాయిషు చూద్దామంటే జనవరి రావాలి. మాకున్నది ఆగస్టు నెల, అందులోనూ పద్దెనిమిది రోజులు. బుధవారం నిశ్చయించాము. ముందురోజు ఫోను చేసి కనుక్కుంటే, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం యేడు దాకా అన్నారు. ఎనిమిది గంటలు! ఏ ఆటకెంత, తిండికెంత, బట్టలు మార్చుకోవడానికెంత అని ఒక పట్టిక రాసి జేబులో పెట్టుకున్నాను.

బాన్సువాడలో తెల్లవారుజామున బస్సెక్కాము. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటినుంచి, ఎక్‌స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బులు లేవు గదా! మా ఇంటావిడా, కోడలూ ఆధారు కార్డులు చూపించి, సున్నా టిక్కెట్టు చేతబట్టుకుని, కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నారు. డబ్బులిచ్చిన మేమిద్దరం నిలబడ్డాము. పిట్లం, సంగారెడ్డి దాటి, పటాన్‌చెరువు దగ్గర ట్రాఫిక్కులో చిక్కి, నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి పదకొండు దాటింది.

పార్కు పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఇటువంటిది ఎక్కడైనా జరగవచ్చు. టిక్కెట్టు కిటికీ మీద ఒక తెల్ల కాగితం అంటించి వుంది: 'నేడు సాయంత్రం 5 గంటలకే మూసివేయబడును.'

మా ఇంటావిడ కాగితం చదివి, కిటికీలోని అమ్మాయినడిగింది: "ఆటలు పావు వంతు తగ్గినయి గద బిడ్డా, పైసలు గూడ పావు వంతు తగ్గినయా?"

ముప్పై యేళ్లు నేను చెప్పిన లెక్కలు మా ఊరి పిల్లలకు వచ్చాయో లేదో గాని, మా ఇంటావిడకు మాత్రం వచ్చాయని ఆనాడు తెలిసింది. ఆ అమ్మాయి పాపం నవ్వి, "లేదమ్మా, రేటు అదే" అంది. వానాకాలం, పని దినం, జనం తక్కువ, పైగా సాయంత్రం వర్షసూచన వుందట.

నిజం ఆలోచిస్తే వాళ్ల లెక్కా కొంత సబబే. ఒక్క రాట్నం తిరగాలన్నా నడిపే మనిషి, నడుములకు పట్టీలు కట్టే మనిషి, నీళ్ల దగ్గరైతే కాపలా మనిషీ వుండాలి. నీళ్లు తోడే పంపులు పదిమంది వున్నా, వెయ్యిమంది వున్నా అంతే కరెంటు తాగుతాయి. ఉరుములు మెరుపులు వస్తే ఎత్తయిన వాటిని ఆపక తప్పదు. ఇది మన దేశానికే పరిమితమైన విషయమూ కాదు. డెన్మార్కులో 1843లో తెరచిన టివోలి తోట ఈనాటికీ ఏడాది పొడుగునా తెరచి వుండదు, దానికి కొన్ని కాలాలున్నాయి. అమెరికాలో 1955లో తెరచిన డిస్నీలాండును కూడా, తొలి రోజుల్లో జనం పలచగా వుండే కాలంలో వారానికి ఒకటి రెండు రోజులు మూసేవారు. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా తెల్లవారుజామున లేచి నూటయాభై కిలోమీటర్లు వచ్చినవాడికి, డెన్మార్కు సంగతి చెబితే ఏం ఓదార్పు?

మా వాడు మాత్రం నవ్వాడు. "మా దగ్గర గిట్ల తగ్గిస్తే మేం పండుగ చేస్కుంటం బాపూ" అన్నాడు. అక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా, ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిబంధన వుందట. ఆ రెండున్నర గంటలకోసం పొద్దున్నుంచి ఎదురు చూస్తారట. పనిచేసేవాడికి తగ్గిన గంట వరం. ఆడుకునేవాడికి అదే గంట శాపం.

నా పట్టిక చింపేశాము. గేటు పక్కన చెట్టు కింద చిన్న పంచాయితీ పెట్టి, కొత్త ఏర్పాటు చేసుకున్నాము. ఇది ఎవరికైనా పనికివస్తుందని రాస్తున్నాను. అన్నీ చూడాలన్న ఆశ వదిలేసి, మనిషికొకటి చొప్పున ఏది తప్పకుండా కావాలో ముందే అడిగేశాము. లోపలికి అడుగు పెట్టగానే, ఈ రోజు ఏవేవి నడుస్తున్నాయో, ఏవి ఎన్నింటికి ఆగుతాయో అక్కడి మనిషిని అడిగాము. మూసే వేళ ఐదంటే, చివరి వరుసలో ఎక్కనిచ్చేది అంతకంటే ముందేనని తెలిసింది. పిల్లవాణ్ణి ఎత్తు కొలిచే గీత దగ్గర నిలబెట్టి, వాడికి ఎక్కనివ్వని వాటిని అప్పుడే కొట్టివేశాము. గంటసేపు వరుసలో నిలబడ్డాక "చిన్నవాడు, వీల్లేదు" అనిపించుకోవడం కంటే ఇది నయం. అందరూ తినే వేళ మేము ఆడాము. అందరూ ఆడే వేళ సద్ది మూట విప్పాలనుకున్నాము గాని, బయటి తిండి రానివ్వమన్నారు. జొన్నరొట్టెలూ, పచ్చడీ గేటు దగ్గరే, కాపలాదారుకు కూడా ఒకటి పెట్టి, తినేసి లోపలికి వెళ్లాము.

మా ఇంటావిడ కోరింది పెద్ద రాట్నం. పైనుంచి చూస్తే మన ఊరు కనిపిస్తుందా అని అడిగింది. కోడలు కోరింది అలల కొలను. సముద్రం చూడని మనిషి, గంట మోగగానే లేచే ఆ అలల్లో చీర కొంగు బిగించి నిలబడాలని ఎగబడితే, ఈత దుస్తులు అద్దెకు తీసుకోక తప్పదన్నారు. సిగ్గుపడుతూ పోయి, పావుగంటలో పదేళ్ల పిల్లలా కేరింతలు కొడుతూ కనిపించింది. నేను కోరింది నీడలో ఒక కుర్చీ. మా వాణ్ణి, ఆకాశానికెక్కి అమాంతం కిందపడే ఆ ఇనపబండి ఎక్కవేమని అడిగితే అన్నాడు: "దినాం అంతకంటె ఎక్కువ ఎత్తులనే వుంట బాపూ. దానికి మల్ల పైసలిచ్చుడెందుకు?"

ఆ మాట విని మేమందరం నవ్వాము. మా ఇంటావిడ ఒక్కతే నవ్వలేదు.

మనవడు కోరింది చిన్న రైలు. గుహలోంచి దూరి, నీళ్ల మీదుగా పోయే బుల్లి రైలు. పిల్లవాడితో ఒక పెద్దమనిషి ఎక్కాలన్నారు. వాడు యథాప్రకారం నా వేలు పట్టుకున్నాడు. తీరా చూస్తే అక్కడొక బోర్డు: రక్తపోటు, గుండెజబ్బు వున్నవారు ఎక్కరాదు. నాకు రెంటిలో మొదటిది వుంది. మా ఇంటావిడకు మోకాళ్లు. కోడలు కొలనులో వుంది. వేళ చూస్తే మూడు దాటింది. ఆమె వచ్చేదాకా ఆగుదామంటే, ఇంకొక గంటలో రైలు ఆగిపోతుందన్నారు. ఎనిమిది గంటల రోజయివుంటే తప్పక ఆగేవాళ్లమే. ఆరు గంటల రోజులో ఆ వెసులుబాటు లేదు. పిల్లవాడు నా వంక, రైలు వంక, తండ్రి వంక మార్చి మార్చి చూశాడు. చివరికి రైలే గెలిచింది.

మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు వాడు ఎదుటి కడ్డీని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుని వున్నాడు. తండ్రి పక్కన కూర్చున్నాడే గాని, మధ్యలో ఇంకొకడు కూర్చునేంత చోటుంది. జనం లేరు గనుక, నడిపే కుర్రవాడు దిగమనలేదు. రెండోసారి గుహలోంచి వచ్చేసరికి, ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి తండ్రి చొక్కా మీద వుంది. మూడోసారి గుహ లోపలినుంచే కేక వినిపించింది: "డాడీ, గబ్బిలం!" అది కాగితపు గబ్బిలమే. ఆ తరువాత ఎన్నిసార్లు తిరిగారో నేను లెక్క పెట్టలేదు. లెక్కల మాస్టారు లెక్క తప్పిన సందర్భం నా జీవితంలో బహుశా అదొక్కటే.

సరిగ్గా ఐదింటికి ఈల వేశారు. మనవడు నేలమీద పడి ఏడ్చాడు. సూచించిన వర్షం మాత్రం రాలేదు. ఆకాశం అద్దంలా వుంది. మా వాడు పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని, ఏం చెప్పాలో తెలియక నా వంక చూశాడు. నేనన్నాను: "ఒరేయ్ చిన్నోడా, వీళ్లు మనకు రెండు గంటలు బాకీ పడ్డరు. ఆ బాకీ మన నిజాంసాగర్ దగ్గర వసూలు చేద్దాం." ఏడుపు ఆగింది. బాకీ అంటే ఏమిటని బస్సులో తండ్రినే అడిగాడు.

ఆ ఆదివారం నిజాంసాగర్ వెళ్లాము. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆనకట్ట అది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ అనే మహా ఇంజనీరు చేతి పని. మా వైపు పొలాలు పచ్చగా వున్నాయంటే ఆ కాలువ చలవే. కట్టిన నాడు దాదాపు 30 టి.యం.సి.ల నీళ్లు పట్టేది. తొంభై యేళ్ల పూడికతో ఇప్పుడు 18కి కాస్త తక్కువే పడుతుంది. అయినా కాలువ కింద నాట్లు ఆగలేదు. వున్న నీళ్లను వంతులు వేసుకుని పారించుకుంటారు. ఇదంతా మనవడికి చెప్పబోయాను గాని, వాడు వినే స్థితిలో లేడు. తండ్రీ కొడుకులు కట్ట మీద కాల్చిన మక్క కంకులు తింటూ, నీళ్లలోకి రాళ్లు విసరడంలో పోటీ పడుతున్నారు. అక్కడ టిక్కెట్టు లేదు, ఈల లేదు. మేము రెండు గంటల బాకీకి నాలుగు గంటలు వసూలు చేసుకున్నాము. వడ్డీ కాస్త ఎక్కువే.

వినోదశాలల యజమానులకు నా మనవి ఒక్కటే. వేళలు తగ్గించడం మీ అవసరమే కావచ్చు. కాని ఆ కాగితం టిక్కెట్టు కిటికీ మీద గాక, ముందురోజు ఫోనులోనే అంటించండి. దూరపు ఊళ్లనుంచి వచ్చేవాళ్లలో, ఆ ఒక్కరోజు తప్ప మరొక రోజు లేనివాళ్లుంటారు. పాఠకులకు చెప్పేది కూడా ఒకటుంది. గంటలు తగ్గినప్పుడు ఆటల జాబితాను కత్తిరించండి గాని, మనుషులను తొందరపెట్టకండి.

మా వాడు సెలవు ముగించుకుని వెళ్లి రెండు నెలలయింది. రోజూ రాత్రి ఫోను వస్తుంది. ఇప్పుడు మనవడు ఫోను నా చేతికి ఇవ్వడం లేదు. మొన్న వాడు తండ్రిని నిలదీసి అడుగుతున్నాడు: "డాడీ, మీ కంపెనీ ఎన్ని గంటలకు బంద్ చేస్తరు? జల్ది బంద్ చెయ్యమని కాగితం అంటించమను."

ఆ కాగితం ఎవరు అంటించాలో వాడికి ఇంకా తెలియదు.