పౌరుషగ్రంథి

ప్రోస్టేటు గ్రంథికి మన పత్రికలూ ఆరోగ్య పుస్తకాలూ ‘పౌరుషగ్రంథి’ అని పేరుపెట్టాయి. గ్రీకు మూలంలో ఆ మాటకు అర్థం ‘ముందు నిలబడేది’ అని మాత్రమే. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని వుండే చిన్న గ్రంథి అది. అందులో పౌరుషాన్ని దూర్చినవాళ్ళం మనం. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక పారిభాషిక పదాల మీద నాకు కాస్త చాదస్తం వున్నమాట నిజమే. కాని ఈ పదం చేసే అపకారాన్ని మా మేనమామ విషయంలో కళ్ళారా చూశాను.

ఆయన పార్వతీపురంలో చాలాకాలం బడిపంతులు. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవవలసి వస్తున్నా ఏడాదిపాటు ఇంట్లో చెప్పలేదు. అది బహుశా గ్రంథి వాపు మాత్రమే. కాన్సరు సంగతి రక్తపరీక్షలో, ఆ తరువాత ముక్కతీసి చూసినప్పుడు బయటపడింది. విశాఖలో ఒక ఆస్పత్రిలో గ్రంథి మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. కాని దగ్గినా, తుమ్మినా, బస్సు కుదిపినా పంచె తడిసేది. ఏ సభలోనైనా ముందువరుసలో కూర్చుని వక్తను నిలదీసే మనిషి గుమ్మం పక్కకు మారాడు. తరువాత రావటమే మానేశాడు. “వయసు మీదపడింది గదా నాయనా!” అనేది మా అత్తయ్య. అది వయసు కాదు.

గ్రంథిని ఆనుకొని రెండువైపులా అంగస్తంభనకు కావలసిన నరాలున్నాయి. దిగువన మూత్రాన్ని పట్టివుంచే కండరం వుంది. 1904లో బాల్టిమోరులో హ్యూ యంగ్ ఆరంభించిన శస్త్రచికిత్స కాన్సరుతోపాటు వీటినీ దెబ్బతీసేది. 1982లో పాట్రిక్ వాల్ష్ నరాలను తప్పించి కోసే పద్ధతి చూపించాడు. ఇప్పుడు ఇంకో అడుగు పడింది. ఎం.ఆర్.ఐ.తో కణితి వున్న చోటు గుర్తించి, తీవ్రమైన ధ్వనితరంగాల వేడితోనో, గడ్డకట్టించే చలితోనో ఆ భాగాన్నే చంపి మిగతాది వదిలేస్తున్నారు. ఫోకల్ చికిత్స అంటే ఇదే. రొమ్ము కాన్సరులో కణితిని మాత్రమే తీసినా ఆయుర్దాయం తగ్గదని 1985లోనే బెర్నార్డ్ ఫిషర్ బృందం చూపించింది. అక్కడ స్త్రీలు నోరువిప్పి అడగటం కూడా మార్పుకు తోడ్పడింది. మగవాడు అడగడు. మా మామయ్యా అడగలేదు. డాక్టరు ముందు ఆ గ్రంథి పేరెత్తటానికే సిగ్గేసిందట!

కొత్తదల్లా మంచిదని నా వాదన కాదు. ఈ కాన్సరు తరచు ఒకే గ్రంథిలో రెండుమూడు చోట్ల వుంటుంది. మిగిల్చిన భాగంలో మళ్ళీ పుట్టవచ్చు. దీర్ఘకాల ఫలితాలు ఇంకా చాలినన్ని లేవు. అసలు తొందరేమిటన్న ప్రశ్న కూడా వుంది. బ్రిటన్‌లో గ్రంథి దాటని కాన్సరున్న 1,643 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టును కేవలం కనిపెట్టి వుండి, తక్కిన రెంటికీ శస్త్రచికిత్సో రేడియేషనో ఇచ్చారు. పదిహేనేళ్ళ ఫలితం 2023లో వెలువడింది. ఏ జట్టులో చూసినా ఈ కాన్సరుతో పోయినవారు నూటికి ముగ్గురికి అటూయిటూ. మూత్రం కారటం మాత్రం శస్త్రచికిత్స జట్టులో ఎక్కువ.

జీవన నాణ్యత డబ్బున్నవాళ్ళ ముచ్చట అన్నాడొక మిత్రుడు. ఒప్పుకోను. కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పోడుకు ఎక్కే సవర రైతుకు తడిగుడ్డతో తొడలు ఒరుసుకుని పుండైతే ఆనాటి పని పోయినట్టే. కాని గ్రంథిని మిగిల్చినవాడు దానికి కాపలా కాయాలి: మళ్ళీ మళ్ళీ రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ., అవసరమైతే మళ్ళీ ముక్క తీయటం. కొండదిగి, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ వెళ్ళివచ్చేందుకు పోయే కూలి చికిత్స ఖర్చులో ఎవరూ రాయరు. ఆ కూలి లెక్కలోకి రానంతకాలం, మొత్తం తీసెయ్యటమే అతనికి చవక.