ఆ హమ్ పోయింది!

కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులుంటాయి. కుడి చానెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ; ఎడమ చానెల్‌కు తెలుపు, నీలం. ఎల్పీ రికార్డులు వినే ఇంట్లో ఎవరో ఒకరు ఆ సన్నటి రంగు తీగలు చూసే ఉంటారు. వాటి వెనక ఇంత కథ ఉందని నాకు ఈమధ్యే తెలిసింది. అప్పటి నుంచీ కనిపించిన వాళ్లనల్లా ఆపి మరీ చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు.

టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ పుట్టుకతోనే బ్యాలెన్స్‌డ్! లోపల ఉన్నది చానెల్‌కో తీగచుట్ట, దానికి రెండు కొసలు. మామూలుగా ఆ కొసలు రెండూ స్వేచ్ఛగానే ఉంటాయి, ఎర్త్‌తో వాటికి సంబంధం లేదు. స్టూడియో మైకుకు తగిలించే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌కు కావలసింది సరిగ్గా ఇదే. మనం వాడే ఆర్‌సీఏ కేబుల్లో మాత్రం ఒక కొస నడిమి తీగకు, రెండో కొస చుట్టూ అల్లిన షీల్డుకు పోతాయి. బయటి గోలను అడ్డుకోవలసిన షీల్డే సంగీతాన్నీ మోయాలి. రెండు పనులూ దాని నెత్తినే!

ఆ తీగచుట్టలో పుట్టే వోల్టేజి ఎంత తక్కువో చూడండి. మూవింగ్ కాయిల్ రకంలో బాగా పేరున్న డెనాన్ డీఎల్-103ని 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం తయారుచేశారు. అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చే 2 వోల్టుల్లో అది 6,000వ వంతు కూడా లేదు. పక్కనేమో 230 వోల్టుల కరెంటు తీగలు, యాంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మరు. పైగా రికార్డు చెక్కేటప్పుడు బాస్‌ను తగ్గించి చెక్కుతారు కాబట్టి, 1950ల నుంచి నడుస్తున్న ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం ప్రీయాంప్ దాన్ని మళ్లీ పెంచాలి. 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు సుమారు 7 రెట్లు. మన కరెంటు మోగేదీ ఆ 50 హెర్ట్జ్ దగ్గరే! మృదంగం తొప్పితో పాటు, ఆ కరెంటు నుంచి అంటుకునే గుయ్‌మనే హమ్ కూడా అంతకంతా పెరిగి స్పీకర్లోకి వస్తుంది.

ఇక బ్యాలెన్స్‌డ్ లెక్క చూడండి, ఎంత సులువో! కార్ట్రిడ్జ్ రెండు కొసలూ షీల్డు లోపల మెలివేసిన రెండు తీగల్లో వెళ్తాయి. ఒక తీగలో సంగీతం +1 అయినప్పుడు రెండోదాంట్లో -1. దారిలో అంటుకున్న హమ్ 5 అనుకుందాం. తీగలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అది రెండింటికీ ఒకేలా అంటుతుంది. అవతలికి చేరేవి 6, 4. ప్రీయాంప్ చూసేది వాటి మధ్య తేడా మాత్రమే: 2. ఐదు ఏమైంది? లేదు! మొత్తం సంగీతమే మిగిలింది. దాన్ని వడగట్టలేదు, బాస్ ఏమీ కోసేయలేదు, తీసివేతలో హమ్ దానంతటదే కొట్టుకుపోయింది. దీనికి రెండు తీగలూ ఎర్త్‌కు సమానమైన ఇంపిడెన్సులో ఉండటమే కీలకం. ఆ సమానత్వం ఎంత కచ్చితంగా ఉంటే హమ్ అంత బాగా పోతుంది. టెలిఫోన్ కోసం తీగలను జంటగా మెలివేసే ఉపాయానికి గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. అంత పాత తెలివి నా గదిలోని ఎల్పీకి ఇప్పుడు చేరింది.

నేను మార్చింది టోన్ ఆర్మ్ నుంచి వచ్చే కేబుల్ని, ఫోనో ప్రీయాంప్‌ని. కుడివైపు ఎరుపు రెండో పిన్నుకు, ఆకుపచ్చ మూడో పిన్నుకు. ఎడమవైపు తెలుపు రెండుకు, నీలం మూడుకు. షీల్డు ఒకటో పిన్నుకు. టోన్ ఆర్మ్ లోహపు గొట్టం నుంచి వచ్చే ఎర్త్ తీగ విడిగా ప్రీయాంప్ ఎర్త్ స్క్రూకు.

తర్వాత చిట్టిబాబు వీణ పెట్టాను. ముల్లు రికార్డు మీద వాలగానే ఇదివరకు వినిపించే 'మ్‌మ్‌' లేదు. వాల్యూమ్ పెంచాను. లేదు! ఇంకా పెంచాను. రికార్డు ఉపరితలం చిన్నగా చిటపటలాడటం తప్ప ఏమీ లేదు. అబ్బ, ఆ తర్వాత వీణ మోగిందండీ! ఒక్క మీటుకు తీగ ఎంతసేపు పలుకుతుందో, ఆ నాదం సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ ఎక్కడిదాకా వెళ్తుందో అప్పుడే పూర్తిగా విన్నాను. మీటిన స్వరాన్ని ఎడమచేతి వేలు లాగితే వచ్చే గమకం చివరంటా వినిపించింది. ఇంతకుముందు ఆ చివర్లు హమ్ కింద పడి ఉండేవి. హమ్‌కూ ఒక స్వరస్థానం ఉంటుంది కదా, అది తంబురా శ్రుతికి పొసగక చెవిని ఎంత లాగేదో పోయాకే తెలిసింది. రికార్డు గీతలు, ప్రీయాంప్ సొంత 'హిస్' దీనితో పోవు. వాటికి ఈ తీగలతో పని లేదు. కానీ మంద్రంలో వీణ పలికినప్పుడు దాని కింద ఖాళీ ఉండటం ఎంత ముఖ్యమో!

మీరూ చేస్తానంటే మూడు విషయాలు పట్టుకోండి. ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చే చిన్న అడాప్టర్ పెడితే పని జరగదు. అందులో సాధారణంగా మూడో పిన్నును ఒకటికి కలిపేస్తారు, బ్యాలెన్స్ అక్కడే పోతుంది. తీగలు సరిచూసేటప్పుడు కార్ట్రిడ్జ్ విప్పి పక్కన పెట్టి, ఆ తర్వాతే మల్టీమీటర్ వాడండి. దాని కరెంటు ఆ సున్నితమైన తీగచుట్టలోకి పోకూడదు. కొన్ని మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లలో ఒక చానెల్ మైనస్ పిన్నును లోహపు ఒంటికి కలుపుతూ చిన్న రేకు ముక్క ఉంటుంది. మీ దాంట్లో అది ఉంటే జాగ్రత్తగా తీయించండి, అప్పుడు ఆ చానెల్ కూడా రెండోదానిలాగే పూర్తిగా బ్యాలెన్స్‌డ్ అవుతుంది.