తాళం ఒక దారిన, తాళంచెవి ఇంకో దారిన



నెలనెలా 11వ తేదీ దగ్గరపడిందంటే చింతామణిలో అంగడి పెట్టుకున్న మనందరికీ ఒకటే హడావిడి. జీఎస్టీఆర్-1 గడువు. బిల్లుల లెక్క బెంగళూరులోని ఆడిటర్‌కు చేరాలి. మా నాన్నగారి కాలంలో లెక్కల పుస్తకాలు సంచిలో కట్టుకుని, పొద్దున్నే బస్సెక్కి, తన చేత్తో ఇచ్చి వచ్చేవారు. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కు చాలు. ఆ ఒక్క నొక్కే మొన్న మమ్మల్ని తల దించుకునేలా చేసింది.

మాది డ్రిప్పు పైపుల అంగడి. పనివాళ్లు ఆరుగురు. వాళ్లకు ప్రమాద బీమా చేయిద్దామని ఆధార్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీలు కలిపి ఒక పీడీఎఫ్ చేశాము. ఏజెంటుకు పంపాల్సింది, తొందరలో మా చుట్టాల పెళ్లి గ్రూపులో పడింది. ఇరవై నిమిషాలకు చూసుకుని తీసేశాము. అప్పటికే ఎందరి ఫోన్లలో దిగిందో! దాచకుండా పనివాళ్లకు చెప్పాము. అందులో ఒకామె అడిగింది: "అయితే నా ఆధార్ ఎవరెవరి దగ్గర ఉందన్నా?" మా దగ్గర జవాబు లేదు.

వాట్సాప్‌లో పంపింది దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. కానీ చేరిన చోట తాళం ఉండదు. తప్పు మనిషికి పంపితే ఆ తప్పు మనిషికే భద్రంగా చేరుతుంది. ఏ యాప్ మంచిదని వెతకడం కంటే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని అప్పుడు తెలిసింది: ఎవరు చూడాలి, ఎన్నాళ్లు చూడాలి, అంతా చూడాలా?

అందుకే మా పద్ధతి మార్చుకున్నాము. ఒకటి, ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి మెయిల్‌లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్ చేసి చెబుతాము. రెండూ ఒకే మెసేజ్‌లో పెడితే తాళానికే తాళంచెవి వేలాడదీసినట్టు. ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకునే ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోకండి. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. మన ఊళ్లో అది ఎవరికి తెలియదు? పాస్‌వర్డ్ పెట్టిస్తామనే ముక్కూమొహం తెలియని ఉచిత వెబ్‌సైట్లలో కాగితాలు ఎక్కించడమూ మానేశాము.

రెండు, మెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్‌లో పెడతాము. లింక్ ఉన్న ప్రతివాళ్లకూ తెరుచుకునేలా కాదు, ఆడిటర్ మెయిల్ ఐడీకి మాత్రమే. పాత లింకులు వెతికితే మూడేళ్ల కిందటి స్టేట్‌మెంట్లు ఇంకా తెరిచే ఉన్నాయి! ఇప్పుడు రిటర్ను వేయగానే అనుమతి తీసేస్తాము. వాళ్లు అప్పటికే దించుకున్నది మాత్రం వెనక్కి రాదు, అది గుర్తుంచుకోవాలి. డ్రైవ్ ఖాతాకు రెండంచెల తాళం కూడా వేశాము.

మూడు, అక్కరకు మించి ఇవ్వము. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ కాపీ చాలంటే అదే ఇస్తాము. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు అందరికీ ఇవ్వకండని ప్రకటన చేసింది. అపార్థాలకు తావిస్తుందని కేంద్రం రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త చాలంది. ఆ మామూలు జాగ్రత్త కూడా మేము పడలేదు.

ఇంకొక మాట. సరుకు పంపే కంపెనీ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, అందులోని నంబరుకు కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

ఆ ఆరుగురినీ కూర్చోబెట్టి, ఎవరి కాగితం ఎవరికి పంపామో ఒక నోటుబుక్కులో రాసి చూపించాము. ఇకపై పంపినప్పుడల్లా తేదీ వేసి రాస్తాము. మన కాగితం పోతే మన ఖర్మ అనుకోవచ్చు. మనల్ని నమ్మి ఇచ్చినవాళ్ల కాగితం పోతే ఏమని చెబుతాము? ఈ రాత్రి మీ ఫోన్‌లో పాత లింకులు ఒకసారి చూసుకోండి.