పదకొండో సిపాయి

ఒక ఆటని పెద్ద మెషీన్‌లోంచి చేతిలో పట్టే డబ్బాలోకి దించడం కూడా తర్జుమానే. నేను గేమ్‌లు తయారుచేసేవాణ్ని కాదు, ఉర్దూ తెలుగుల మధ్య మాటలు మోసేవాణ్ని. ఆ నజర్‌తోనే ఈ ముచ్చట చెప్తున్నాను.

1978లో జపాన్‌లో టైటో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ తెచ్చింది. కింద మన తోపు, పైన వరసలు కట్టి దిగొచ్చే దుష్మన్ ఫౌజు. వరసకు 11 మంది చొప్పున ఐదు వరసలు, మొత్తం 55 మంది సిపాయీలు. దీన్ని తయారుచేసిన తొమోహిరో నిషికాదో మెషీన్‌ని కూడా తనే రూపొందించుకున్నాడు. అంతమందిని ఒకేసారి కదిపే తాఖత్ ఆ మెషీన్‌కి లేదు. తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంటే, మారినప్పుడల్లా ఒక్క సిపాయినే జరుపుతుంది. ఫౌజంతా ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. మనం కాల్చేకొద్దీ మంది తగ్గి, మిగిలినవాళ్ల వంతు తొందరగా వస్తుంది. చివరికి మిగిలిన ఒక్కడు పిచ్చెక్కినట్టు ఉరుకుతాడు. మెషీన్ కమ్‌జోరీలోంచి పుట్టిన ఈ చాల్‌ని నిషికాదో అలాగే ఉంచేశాడు. ఆట జాన్ అంతా అందులోనే ఉంది.

1989లో నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. ఆర్కేడ్ తెర అడ్డం 224 చుక్కలు, నిలువు 256. గేమ్ బాయ్ తెర 160, 144. పాత ఆటలో పక్కనున్న ఖాళీతో కలిపి ఒక్కో సిపాయికి 16 చుక్కల జాగా. 11 మందికి 176. అంటే వరస తెరలో పట్టదు. పైగా స్ప్రైట్‌లనే కదిలే బొమ్మల్ని గేమ్ బాయ్ తెర మొత్తం మీద 40, ఒక్క గీత మీద 10కి మించి చూపలేదు. సిపాయికి ఒక్క స్ప్రైటే వాడినా, పదకొండోవాడు వరసలో ఉండి కూడా కంటికి ఆనడు.

దీనికి దారులున్నాయి. ఫౌజుని వెనక పరదా మీద గీస్తే ఆ పది లెక్క అడ్డురాదు. బొమ్మల్ని సన్నగా చేసి దగ్గరికి జరపొచ్చు. రంగులు లేకపోతే నాలుగు ఛాయలతో సర్దుకోవచ్చు. ఇదంతా దర్జీ పని.

అసలు ముష్కిల్ వేరే ఉంది. గేమ్ బాయ్ చిప్ పాతదానికన్నా తేజ్. ఫౌజునంతా చకచకా జరిపేయగలదు. అలా జరిపేస్తే మొదటి నెమ్మదితనం పోతుంది. అది పోతే చివరి సిపాయి ఉరుకుడుకి అసర్ ఉండదు. అందుకే పాత మెషీన్ చేతకాక చేసిన ఆలస్యాన్ని, కొత్తదానిలో కావాలని, లెక్కపెట్టి రాయాలి.

నాకు ఈ మాట బాగా తగిలింది. ‘తకల్లుఫ్ మత్ కీజియే’ అన్నదానికి లాంఛనాలు వద్దు అని రాస్తే డిక్షనరీ ఒప్పుకుంటుంది. మన ఇంటికొచ్చిన మెహమాన్‌కి మాత్రం ‘మొహమాటపడకండి’ అంటేనే గిన్నెలో చెయ్యి పడుతుంది.

ఇప్పుడు మా అబ్బా దమ్మాం నుంచి రాసిన ఉత్తరాలని తెలుగులోకి తెస్తున్నాను. మా పిల్లలకి ఉర్దూ మాట వచ్చు, లిపి రాదు. ప్రతి ఉత్తరంలో సగం పేజీ సలాములు, పేరుపేరునా ఖైరియత్, వాన పడిందా, మేక ఈనిందా అన్న వాకబు. “దాదా ఇదంతా ఎందుకు రాశారు? అసలు విషయం ఒక్కటి రాస్తే చాలదా?” అంది నా బిడ్డ.

ఒక్క సలాము కూడా తీసేయలేదు. అవన్నీ ఒక్కొక్కటిగా, అదే నడకతో దాటి వచ్చాకే చివరి వాక్యం వస్తుంది: “నీ ఖత్ రాక నెల దాటింది, బేటా.”