ఒకటి రెండు చోట్ల

బాలలూ! రేడియోలో వాతావరణ వార్తలు మీరు వినే ఉంటారు. “ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో జల్లులు పడవచ్చు” అంటారు. మన ఊళ్ళో చినుకు రాలకపోతే, “వీళ్ళ మాట ఎప్పుడు నిజమయింది గనుక!” అని నవ్వుతాం. నేనూ అలా నవ్వినవాణ్ణే. ఒక ఏప్రిల్ నెలలో హిమాలయాలకు వెళ్ళినప్పుడు ఆ నవ్వు మానుకొన్నాను. ఎందుకో చెబుతాను, వినండి.

హర్యానాలోని కాల్కా నుంచి హిమాచల ప్రదేశ్‌లోని సిమ్లా దాకా 96 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం ఉన్నది. 1903లో వేశారు. వందకు పైగా సొరంగాల్లో దూరుతూ, కొండలను చుట్టుకొంటూ రైలు పైకి ఎక్కుతుంది. సిమ్లాలో దిగి, బస్సులో సుమారు 80 కిలోమీటర్లు పోతే థానేదార్, కోట్‌గఢ్ అనే పల్లెలు వస్తాయి. 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా దేశస్థుడు ఇక్కడ తియ్యని ఆపిల్ మొక్కలు తెప్పించి నాటాడు. ఇప్పుడు ఏ కొండవాలు చూచినా ఆపిల్ తోటలే. ఏప్రిల్‌లో చెట్లన్నీ తెల్లగా, లేత గులాబీరంగుగా పూచి ఉంటాయి. ఆ పూతే రైతుకు ఏడాది తిండి.

నేను ఒక రైతు ఇంట్లో దిగాను. తెల్లవారగానే ఆయన ఫోనులో వాతావరణ సూచన చూచాడు. ఆకుపచ్చ రంగు ఉంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని అర్థం. ఆనాడు పసుపు. ఒకటి రెండు చోట్ల పిడుగులు, వడగళ్ళు, ఈదురుగాలి అని ఉన్నది. ఆయన కొడుకులను పిలిచి, చెట్ల పైన తీగెల మీద చుట్టి ఉన్న వలలు పరిపించసాగాడు.

“ఆకాశం కడిగిన అద్దంలా ఉన్నది. ఒకటి రెండు చోట్లేగా! పైగా వల పరిస్తే తేనెటీగలకు అడ్డం కాదా?” అన్నాను నేను.

“అడ్డమే, మాస్టర్‌జీ. తేనెటీగ వాలకపోతే కాయ నిలవదు. కాని ఆ ఒక్క చోటూ నా తోటే అయితే?” అన్నాడాయన.

ఉదయం అంత నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి ఎందుకు మారుతుందో తెలుసా? వసంతంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమతో కూడిన గాలి అలజడి ఒకటి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా హిమాలయాలకు వస్తూ ఉంటుంది. దీన్ని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. అప్పుడు పైన గాలి చల్లగా ఉంటుంది. కింద ఎండకు కొండవాలు కాగి, దాని మీది గాలి వేడెక్కి జోరుగా పైకి లేస్తుంది. అందులోని తేమ మబ్బుగా, మంచుగా మారుతుంది. మంచు పలుకులు ఒకదానితో ఒకటి రాసుకొని విద్యుత్తు పుడుతుంది. అదే మెరుపు. పైకి లేచే గాలి మంచుగడ్డలను పడనీయకుండా మోస్తుంది. అవి పెరిగి బరువెక్కాక రాలుతాయి. అవే వడగళ్ళు. ఇలాంటి మబ్బు ఒక లోయను కొట్టి, పక్క లోయను వదిలేయవచ్చు.

మూడు గంటలకు ఉరిమింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్క పెట్టాను. తొమ్మిది సెకండ్లు. ధ్వని కిలోమీటరు నడవడానికి మూడు సెకండ్లు పడుతుంది గనుక, పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలో పడిందన్న మాట. అందరం ఇంట్లోకి పరుగెత్తాం. ముప్పయి సెకండ్లలోపు ఉరుము వినబడితే ఇంట్లోకి పోవాలి. చెట్టు కింద నిలబడరాదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు.

మా తోటలో వాన కురిసి వెలిసింది. ఒక్క వడగల్లు కూడా పడలేదు. “చూచారా!” అని నవ్వబోయాను.

సాయంకాలం ఇద్దరం పక్క లోయకు వెళ్ళాం. అక్కడ నేలంతా తెల్లగా ఉన్నది. సగం వడగళ్ళు, సగం పూరేకులు. కొమ్మలు బోడిగా నిలిచాయి. వల మాత్రం తీగెల మీద చుట్టింది చుట్టినట్టే ఉన్నది. “పొద్దున ఆకాశం బాగానే ఉన్నది గదా, ఒకటి రెండు చోట్లేగా అనుకొన్నాం” అన్నాడు ఆ తోట యజమాని. సరిగ్గా నేనన్న మాటే! నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బాలలూ! వాతావరణ శాఖ భాషలో “ఒకటి రెండు చోట్ల” అంటే, ఒక ప్రాంతంలో వంద వాన కొలిచే కేంద్రాలు ఉంటే, వాటిలో ఇరవై అయిదింటి దాకా అని అర్థం. తక్కిన డెబ్బయి అయిదు చోట్ల చినుకు పడకపోయినా ఆ మాట నిజమే.

వైశాఖంలో మన మామిడి పిందెలు రాల్చే గాలివానలకూ ఇదే మాట వాడతారు. మీరొక పని చేయండి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఉన్న స్నేహితులు కలిసి, ఒక నెలపాటు రోజూ సూచన ఏమిటో, ఎవరి ఊళ్ళో వాన పడిందో నోటు పుస్తకంలో రాసుకోండి. నెలాఖరున నాలుగు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఊళ్ళో పడని వాన ఎవరి ఊళ్ళో పడిందో తెలుస్తుంది.