యాభై మార్కుల బజారు

అత్తాపూర్‌లో ఎవరి ఇల్లు అడిగినా ముందు పిల్లర్ నంబరు చెబుతారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలే ఇక్కడి సందులకు గుర్తులు. శంషాబాద్ విమానాశ్రయానికి పోయేవాళ్లకు దారి సులువు చేద్దామని కట్టి, 2009లో తెరిచిన వంతెన అది. దానికి కూతవేటు దూరంలో ఒక రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఓ టీచరమ్మ హైస్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో అర్థశాస్త్రం, మార్కెటింగ్ చెబుతున్నారు, చూసి రాయమని సంపాదకులు పంపారు. ఆన్‌లైన్ చదువంటే నాకు మొదటినుంచీ కోపమే. ఆ గదిలో కూర్చుని లేచాక కోపం తగ్గలేదు గానీ, అది ఎవరిమీద చూపాలో తెలిసింది.

గదిలో బోర్డు లేదు. బల్లమీద తెల్లకాగితాల బొత్తి, దాని పైన స్టాండుకు బిగించి కిందికి వంచిన ఫోను. అందుకని పిల్లలకు ఆమె మొహం కనబడదు, చేతులే కనబడతాయి. నేనూ చేతులనే చూస్తూ కూర్చున్నాను. డిమాండ్ రేఖను ఆమె ముందే గీసి చూపించరు. "కొత్తిమీర కట్ట ఐదు రూపాయలైతే మీ ఇంట్లో ఎన్ని కొంటారు నాన్నా? పది అయితే? ఇరవై అయితే?" అని ఒక్కొక్కరినే పేరుపెట్టి అడుగుతారు. జవాబు వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక చుక్క. ఒక పిల్లాడు ఇరవై అయినా రెండు కట్టలే కొంటామన్నాడు. ఆమె ఆ చుక్కను కొట్టేయలేదు, దాని పక్కన వాడి పేరు రాశారు. చుక్కలన్నీ పడ్డాక చూపుడువేలితో వాటి మధ్యనుంచి ఎడమనుంచి కుడికి నెమ్మదిగా జారుతూ వచ్చి, ఆ వేలు నడిచిన దారిలోనే పెన్ను నడిపారు. నేను చదువుకున్న రోజుల్లో ఈ గీతను బోర్డుమీద నుంచి ఎక్కించుకున్నాం. అది మనుషుల జవాబుల్లోంచి పుడుతుందని మాకెవరూ చూపించలేదు.

ఆమె పిల్లలు సీబీఎస్ఈలో తొమ్మిది, పది చదువుతున్నారు. ఎక్కువమంది రాజేంద్రనగర్, శంషాబాద్ వైపు వాళ్లు, ఒకరిద్దరు గల్ఫ్‌లో ఉంటున్న మనవాళ్ల పిల్లలు. సీబీఎస్ఈ నైపుణ్య సబ్జెక్టుల్లో 'మార్కెటింగ్ అండ్ సేల్స్' ఒకటి, కోడ్ 412. రాతపరీక్షకు 50 మార్కులు, ప్రాక్టికల్‌కు 50. సగం మార్కులు చేసి చూపించడానికే ఇచ్చారన్నమాట. ఆ సగమూ చాలాచోట్ల రంగురంగుల పీపీటీతో తేలిపోతోందని ఆమె బాధ. ఏదో ఒక సబ్బుకు నాలుగు 'పీ'లు (ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) రాసి, ఇంటర్నెట్‌లోంచి బొమ్మలు దించి పంపేస్తారు. సబ్బు అమ్మే మనిషితో ఒక్క మాటయినా మాట్లాడి ఉండరు.

తెర మీద చెప్పడం ఆమె కరోనా కాలంలో నేర్చుకున్నారు. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో బడిపాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఫోన్లలో నడిచాయి. ఆమె అప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఉన్నారు. కెమెరాలు ఆపేసుకున్న నలభై నల్ల గడులకు పాఠం చెప్పీ చెప్పీ, వాళ్లను ఎలాగైనా బయటికి పంపాలన్న ఆలోచన వచ్చిందట. అందుకే ఆమె దగ్గర హోంవర్క్ అంటే బజారు. పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి ఒకే కూరగాయ ధర అడిగి రావాలి. ఎందుకు మారిందో అమ్మేవాళ్లనే అడగాలి.

నేను వెళ్లిన రోజు సగంమంది యాప్‌లో ధర చూసి రాసుకొచ్చారు. ఆమె కోప్పడలేదు, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. పొద్దుటి తోటకూర రాత్రికి వాడిపోతుంది, పారేయడం కన్నా సగానికి ఇచ్చేయడం మేలని అమ్మే మనిషి లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క యాప్‌లో కనబడదు. ఒక అంకె కనబడుతుంది, దానివెనక మనిషి ఉండదు. పైగా అదే తెర ఈ పిల్లల చేత రోజంతా ఏదో ఒకటి కొనిపించాలని చూస్తుంటుంది.

ఒక అమ్మాయి మాత్రం మూడు పేజీలు రాసింది. పిల్లర్ల కింద బండి పెట్టుకునే పెద్దావిడతో కూర్చుని అడిగిందట. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవడం, ఆటో కిరాయి, కుళ్లిపోయి పారేసే సరుకు, సాయంత్రానికి మిగిలేది, అన్నీ వేసింది. చివర్లో ఒక మాట దగ్గర ఆగిపోయింది: "గిరిగిరి అంటే ఏంటి మేడమ్?"

వడ్డీ ముందే పట్టుకుని ఇచ్చి, రోజూ బండి దగ్గరికొచ్చి వసూలు చేసుకునే అప్పు అది. హైదరాబాద్‌లో ఎన్నో తోపుడుబళ్లు దానిమీదే నడుస్తాయి. ఆ తర్వాత అరగంట టీచరమ్మ పుస్తకం తెరవలేదు. వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2020 జూన్‌లో స్వనిధి పథకం తెచ్చి, మొదటి విడత 10,000 రూపాయల దాకా అప్పు ఇస్తామంది కదా, మరి ఈ పెద్దావిడ గిరిగిరికి ఎందుకు పోతోంది? పిల్లలే జవాబులు వెతికారు. బ్యాంకుకు పోతే ఆ రోజు బేరం పోతుంది. కాగితాలు కావాలి. గిరిగిరివాడు బండి దగ్గరికే వస్తాడు. పదో తరగతి పుస్తకంలో 'డబ్బు, పరపతి' పాఠం చెప్పేదీ ఇదే. షార్జాలో ఉన్న పిల్లాడు వాళ్ల నాన్న కూడా ఊళ్లో అలాంటి అప్పు తీర్చడానికే వచ్చాడని చెప్పాడు. ఆమె చెయ్యి కాగితం మీద కాసేపు కదల్లేదు.

క్లాసు అయ్యాక ఇద్దరం కిందికి దిగి ఆ బండి దగ్గరికి వెళ్లాం. "పోరగాండ్లు రేటు అడుగుతలేరు బిడ్డా, స్కానర్ యాడుందని అడుగుతున్రు. గా పిల్ల ఒక్కతే నాతోటి కూసున్నది" అంది పెద్దావిడ. బేరమాడితే విసుక్కునే మనిషే, బేరమాడడం లేదని ఫిర్యాదు చేస్తోంది.

నా కోపం తెర మీద కాదు. ఇంత దగ్గరలో ఇంత చదువు పెట్టుకుని పిల్లల్ని దాని దాకా పోనివ్వని పెద్దల మీద. "ఎకనామిక్స్ ఎందుకండీ, సీఈసీలో చేరేవాళ్లకు గానీ" అని ఒక తల్లి ఫోన్లో అనడం నేనే విన్నాను. ఎంపీసీ, బైపీసీ తప్ప మిగతావి చదువులే కావన్నట్టు పెంచుతున్నాం. ఆ పిల్లలే రేపు అప్పుమీద ఫ్లాట్ కొంటారు, వడ్డీ ఎలా పెరుగుతుందో తెలియకుండా సంతకం పెడతారు. పుస్తకాల సంగతీ అంతే. సీబీఎస్ఈ పిల్లలు ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో మొదట చదువుతూ వచ్చింది పాలంపూర్ అనే ఊహించిన ఊరి కథ. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో ఒక ఊరి మీద జరిగిన పరిశోధన దానికి ఆధారం. మంచి పాఠమే. సాగుభూమి పెరగదు, ఉన్నంతలోనే పండించుకోవాలి అని అందులో చెబుతారు. మరి 2008లో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైన శంషాబాద్‌లో సాగుభూమి ఏమైందో ఏ పుస్తకం చెబుతుంది? ధరల పాఠమూ దగ్గర్లోనే ఉంది. మెహిదీపట్నం రైతుబజారులో టోకు ధరకు కాస్త పైన, చిల్లర ధరకు కాస్త కింద రేటు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డు ముందు నిలబెట్టి ప్రాక్టికల్ మార్కులు వేస్తే సీబీఎస్ఈకిగానీ బడికిగానీ పోయేదేముంది? ఆన్‌లైన్‌లో చదివే పిల్లలకైతే ఇది ఇంకా తేలిక, ఎవరి ఊరి బజారు వాళ్లకుంది.

వచ్చే క్లాసు భూమి ధర మీద. శంషాబాద్‌లో ఉండే ఒక పిల్లాడికి ఆమె అప్పుడే పని చెప్పేశారు. వాళ్ల తాతను అడిగి రావాలి: వాళ్ల చేన్లో ఏం పండేది, ఎప్పుడు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఆ డబ్బు దేనికి పెట్టారు.